నల్ల వడ్రంగి ఐదో రీలు

ఉగాది, పొద్దుట

ఈ మంచె పుస్తకం రాస్తున్నది పేరిందేవి, అడవి తరఫు సాక్షి. వయసు యాభై ఎనిమిది. ఎత్తూ బరువూ అడిగే గళ్ళు రెండున్నాయి. ఎత్తు రాశాను, రెండోది సభవారికి అనవసరం. ముప్ఫై ఒక్క వసంతాలుగా పిట్టల్ని తీస్తున్నాను. నేను పంపిన రీళ్ళలో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఇది గొప్పలకు రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, అవును, గొప్పలకే రాస్తున్నాను.

పదకొండు లోయలకు నా రీళ్ళ మీదే తాళం పడింది. తాళం పడితే పాతికేళ్ళ దాకా ఆ లోయలో గొడ్డలి పడదు, గునపం దిగదు. అడవి సభ గోడమీద ఇత్తడి పలకలో నా పేరు పక్కన 'మచ్చ లేదు' అని చెక్కి ఉంది. అలాంటి పేర్లు మూడే. మిగతా ఇద్దరూ పోయారు కాబట్టి ఇక వాళ్ళు తప్పు చేసే అవకాశం కూడా లేదు.

ఈ ఏడు నా వంతుకు పాలగొంది లోయ వచ్చింది. అక్కడ ఎండిపోయిన బూరుగు చెట్టు తొర్రలో నల్ల వడ్రంగి పిట్టల జంట ఉంది. కాకంత పిట్టలు, మగదానికి నెత్తిన ఎర్రటి జుట్టు. భరణి కార్తె వెళ్ళేలోగా ఆ తొర్రలోంచి ఒక్క పిల్ల ఎగిరినట్టు రీలు మీద చూపిస్తే లోయకు తాళం పడుతుంది. చూపించలేకపోతే లోయ మిట్టకాలనీ వాళ్ళది. కొండవాలు చెక్కి మెట్లుగా మళ్ళు కట్టుకుంటారు. కింద లంకల్ని సముద్రం మింగాక పైకి వచ్చినవాళ్ళు, ఆరువందల గడప. వాళ్ళ అవసరం అబద్ధం కాదు. పిట్టలదీ కాదు.

బయలుదేరే ముందు ఆనవాయితీ ప్రకారం పనిముట్లకు పూజ చేశాను. నిరుడు పాత మూరతాడు పోగులు పోగులుగా విడిపోయింది. అందుకని మాఘమాసంలో నూలు తెచ్చి నా చేత్తో కొత్తది పేనుకున్నాను. సభ ఆవరణలో రాతి కొలతల పక్కన పరిచి మూరకొక ముడి వేశాను. ఈ పనికి ఆఫీసులో మనిషిని పెట్టుకోవచ్చు, కానీ ఒకరు వేసిన ముడి నేను నమ్మను. ఈ రోజు దాన్ని మరిగిన పసుపు నీళ్ళలో ముంచి ఎండలో ఆరేశాను. బంగారపు గొలుసులా మెరిసింది.

నేను ఆరేస్తుంటే మిట్టకాలనీ తరఫు ఎదురు సాక్షి వచ్చి నిలబడి చూశాడు. పేరు గవర్రాజు, యాభై ఏళ్ళుంటాయి, బక్కగా ఉంటాడు. ఇతని పని నేను అబద్ధమాడకుండా చూడటం. తాడు బావుందా అని కూడా నేను అడగలేదు. బావుందని నాకు తెలుసు.

రేవతి కార్తె, నాలుగో రోజు

మంచె ఎక్కాం. ఆకులు కప్పిన చిన్న గూడు, ముందు రెండు కంతలు. ఒకటి నాకు, ఒకటి గవర్రాజుకు. తొమ్మిదిన్నరకు లోయ కింద, ఇక ఎండలో తిరగొద్దని ఎండ బూర మోగుతుంది. అప్పటినుంచి సాయంత్రం దాకా తడి చల్లగుడ్డ కప్పుకుని కూర్చోవాలి. పిట్టలు మాత్రం ఏ బూరకూ భయపడవు.

మా మనవరాలు ఇంట్లో అడిగిన బొమ్మ ఆడించే గోడతో, ఏనుగుకు రెక్కలు పెట్టమంటే గోడ పెట్టి చూపిస్తుంది. ఏనుగు ఈకల మీద చినుకులు కూడా కనిపిస్తాయి. అందుకే గోడలు చూపించేదేదీ సభలో చెల్లదు. చేత్తో కీ ఇచ్చి తిప్పే కెమెరా, దాన్ని పట్టుకున్న మనిషి, ఆ మనిషి పక్కన కూర్చున్న ఎదుటి పక్షం మనిషి ఉంటేనే సాక్ష్యం. రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి, లక్కపోసి, ఇద్దరం బొటనవేళ్ళు అద్దుతాం. ఆ తరవాత దాన్ని సభవారే కడుగుతారు, సభవారే ఆడిస్తారు. తీసినవాళ్ళు చూడకూడదు, చూస్తే దిద్దాలని బుద్ధి పుడుతుందట. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను తీసిన ఒక్క పిట్టనూ తెర మీద చూడలేదు. వంట మనిషి రుచి చూడకుండా వండినట్టే. అయినా వండగలను.

ఈ కెమెరాకు పక్కన చిన్న కిటికీ ఉంటుంది. పిట్ట ఎక్కడుందో అందులో తెలుస్తుంది కానీ బొమ్మ పదునుగా పడిందో లేదో తెలియదు. దూరాన్ని తాడుతో కొలిచి, లెన్సు చుట్టూ ఉన్న వలయాన్ని ఆ అంకె దగ్గర పెట్టాలి. మంచె నుంచి చెట్టుకు కొలిస్తే ముప్ఫై మూడు మూరలు వచ్చింది. మంచె ముప్ఫై దగ్గర కట్టమని నేనే రాసిచ్చాను. మంచె కట్టిన సింగన్నను పిలిపించి ఉతికి ఆరేశాను. నిరుటి గుంతల్లోనే గుంజలు పాతానని అతను మొత్తుకున్నాడు. గుంతలకు కాళ్ళొచ్చి నడిచాయా అని అడిగాను. పాపం, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

వలయం ముప్ఫై మూడు దగ్గర పెట్టి మొదటి రీలు తీశాను. ఆడది తొర్రలోంచి బయటికొచ్చి, మగది గుడ్ల మీదికి వెళ్ళింది. లక్క వేశాం.

రేవతి, పదో రోజు

పిల్లలు పుట్టాయి. గుడ్డుపెంకు ముక్కను మగది ముక్కున పట్టుకుని బయటికి తెచ్చి పారేసింది. రెండో రీలు.

గవర్రాజు మంచి వంటగాడు. ఎదురు సాక్షి నా పనిముట్ల గురించి గానీ, పిట్ట ఫలానాచోట ఉందని గానీ తనంత తానుగా నోరు విప్పకూడదు. పిట్ట ఏం చేస్తోందో సైగ కూడా చేయకూడదు. ఆ రెండూ తప్ప ఏదైనా మాట్లాడొచ్చు కాబట్టి పొద్దస్తమానం పులుసుల గురించే మాట్లాడతాడు. నోట్లో నువ్వుగింజ నానదు. లంకల్లో తన చిన్నప్పుడు పులస ఎలా వండేవారో మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ చింతపండు కొలత మారింది. ఆ మాట అంటే నవ్వి, చేప సైజు కూడా మారిందని ఒప్పుకున్నాడు.

అశ్విని కార్తె, ఎనిమిదో రోజు

మేత పెట్టడం తీశాను, మూడో రీలు. తల్లి చీమలగుడ్లు తెచ్చి కక్కి పెడుతుంది. తొర్రలోంచి వచ్చే రొద మిల్లులో మర ఆడినట్టుంది. పిట్ట రెక్క విప్పిన లిప్తలో మీట నొక్కగల చేయి ఈ సభలో ఇంకొకరికి ఉంటే చూపించమనండి. నా తరవాత ఎవరని సభవారు ఏటా అడుగుతారు. నా తరవాత నేనే అంటాను.

భరణి కార్తె, ఒకటో రోజు

పిల్ల తల బయటపెట్టింది. ఒకటే మిగిలినట్టుంది. నాలుగో రీలు. ఇక ఎగరడానికి ఒక్క రీలు మిగిలింది, రెండు నిమిషాల ముప్ఫై సెకన్లది. చాలు.

భరణి, మూడో రోజు

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పుస్తకంలో చెట్టు చుట్టుకొలత అడిగే గడి ఒకటి ఖాళీగా ఉంది. పిట్టలు రెండూ మేతకు పోయిన సమయం చూసి దిగి, బూరుగు మొదలు చుట్టూ తాడు వేశాను. పదకొండు మూరలు. చెట్టుకు నిరుడు కొలతలవాళ్ళు కొట్టిన రేకు ఉంది. 'బూరుగు, ఎండుది, చుట్టు పది మూరలు' అని ఉంది దాని మీద. వీళ్ళకు కొలవడం ఎవరు నేర్పారని తిట్టుకున్నాను. తాడు బిగించి మళ్ళీ కొలిచాను. పదకొండే. ఫిర్యాదు రాయడానికి పుస్తకం తెరిచి, 'ఎండుది' అని రాయబోయి ఆగిపోయాను.

పచ్చని చెట్టయితే ఏడాదిలో వేలెడు లావెక్కుతుంది. చచ్చిన చెట్టు మూర లావెక్కుతుందా?

చెట్టు మొదట్లోనే కూలబడ్డాను. మంచె ముప్ఫై ఉండాల్సింది ముప్ఫై మూడు వచ్చింది. చెట్టు పది ఉండాల్సింది పదకొండు వచ్చింది. రెండింటికీ అదే పదో వంతు తేడా. సింగన్నా, కొలతలవాళ్ళూ కూడబలుక్కుని ఒకే తప్పు చేయరు. తప్పు తాడుది. తాడు పేనింది నేను. ముడులు వేసింది నేను. ముడులు వేశాక సలసల కాగిన నీళ్ళలో ముంచి, కుంచించుకుపోయేలా చేసింది నేను. పూజ చేసి మరీ పాడుచేసుకున్నాను.

మంచె ఎక్కాను. గవర్రాజు వంకాయ తరుగుతున్నాడు. ముప్ఫై రోజుల్లో మొదటిసారి నా పనిముట్ల గురించి అతన్ని అడిగాను. నీకు తెలుసా అన్నాను. దేని గురించి అని అతను అడగలేదు.

"అడిగారు గాబట్టి చెప్పొచ్చండి," అన్నాడు కత్తి కింద పెట్టి. "ఉగాది నాడే తెలుసండి. మావి వలలల్లే చేతులు. కొత్త నూలుతాడు వేణ్ణీళ్ళలో పడితే లాక్కుపోద్దండి. మేమైతే ముందు తడిపి, ఆరబెట్టి, అప్పుడు కొలతేస్తాం."

ముప్ఫై రోజులు నా పక్కన కూర్చుని పులుసు కబుర్లు చెప్పాడా అని ఒళ్ళు మండిపోయింది. ఆ మాటే అన్నాను.

"నాకై నేను చెప్పకూడదండి. చెప్పాలనీ లేదండి, ఆరొందల గడపండి మాది. కానీ మీరడిగితే చెప్పొచ్చని రూల్లోనే ఉంది. ఆ తాడు చూసి, బావుందా గవర్రాజూ అన్నా చాలు, చెప్పేసేవోణ్ణి. మీరు అడిగే మనిషి కాదు గదండీ."

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసుకుంటూ ఆ మాట అన్నాడు, వెటకారం కూడా లేదు. ఉంటే బావుండేది, తిరిగి ఒకటి అనేదాన్ని.

భరణి, నాలుగో రోజు

నిద్ర పట్టలేదు. లెక్క ఇది. మూడు మూరలు తప్పితే నాలుగు రీళ్ళలోనూ ఈకలు కనిపించవు. నల్లటి ముద్ద ఒకటి కదులుతుంటుంది. కాకి అన్నా అనొచ్చు. అయితే ఇత్తడి పలక మీద నా పేరు చూసి, పేరిందేవి చెప్పింది కదా అని సభవారు సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోకపోతే మాత్రం రూలు కఠినం. ఒప్పుకోకుండా పంపిన రీళ్ళలో ఒక్కటి మసకగా తేలినా ఐదూ చెల్లవు. ముందే ఒప్పుకుంటే ఆ నాలుగే పోతాయి, ఐదోది నిలబడుతుంది. దాంతో పాటు పలక మీది మాట చెరిపేస్తారు.

తాడు సంగతి తెలిసింది ఇద్దరికే. గవర్రాజు తనంతట తాను చెప్పడు, చెప్పకూడదు. నోరు మూసుకుని నా పేరును పందెం కాయొచ్చు. ఓడితే పోయేది నా పేరు కాదు, లోయ. నా పేరుకోసం పిట్టల ఇల్లు పందెం పెడతానా? పెట్టాలని రాత్రంతా అనిపించింది. అదీ రాస్తున్నాను.

పుస్తకం చివర ఒప్పుకోలు పేజీ ఎర్ర రంగుది. నాకిచ్చిన ఏ పుస్తకంలోనూ దాన్ని తెరవలేదు, ఎలా ఉంటుందో కూడా తెలియదు. గళ్ళు లేవు, ఖాళీ కాగితం. 'ఒకటి, రెండు, మూడు, నాలుగు రీళ్ళు చెడినవి. కారణం నా తాడు. ముడులు వేశాక తాడు తడిపాను. మంచె కట్టిన సింగన్న తప్పు లేదు, అతన్ని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను' అని రాసి, వేలు అద్దాను. కింద గవర్రాజు వేలు అద్దాడు. అద్దేముందు రెండుసార్లు చదువుకున్నాడు.

మూర ఎంతో ఇప్పుడు చెట్టే చెప్పింది. వలయాన్ని ముప్ఫై దగ్గరికి తిప్పాను. తిప్పాక, ఈసారి అడిగాను. సరిగ్గా ఉందా గవర్రాజూ అన్నాను. అతను మూడుసార్లు చూసి, ఉందన్నాడు. ఆ మాట అంటుంటే అతని మొహం చూడలేకపోయాను.

భరణి, పన్నెండో రోజు

ఎగిరింది.

ఎప్పుడు? నేను తింటున్నప్పుడు. మూడు రోజులుగా పిల్ల తొర్ర అంచుకు రావడం, లోపలికి పోవడం. కెమెరా మీద చేయి తీయకుండా కూర్చుంటే భుజం పట్టేసింది. పొద్దున్న ఎనిమిదప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, తొర్రలో అలికిడి లేదు. సరేనని చద్దన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని పక్కకు తిరిగాను. గవర్రాజు తన కంతలోంచి చూస్తూనే తింటున్నాడు, మామూలుగా నములుతూ, మామిడి ఊరగాయలో ఆవపిండి గురించి చెబుతూ.

ఆవపిండి దగ్గర ఆగిపోయాడు. నమలడం కూడా ఆగిపోయింది. బుగ్గలో ముద్ద అలాగే ఉంది. నావైపు చూడలేదు, వేలు కదపలేదు. ముప్ఫై ఎనిమిది రోజుల్లో ఆ నోరు ఆగడం నేను చూడలేదు.

గిన్నె ఎక్కడ పడిందో తెలియదు. తిరిగి మీట నొక్కేసరికి పిల్ల తొర్ర బయట బెరడు పట్టుకుని వేలాడుతోంది. ఒక కీకి ఇరవై ఐదు సెకన్లు. కీ అయిపోవచ్చేటప్పటికీ అది అలాగే ఉంది. మళ్ళీ కీ ఇచ్చాను, చేతి నిండా పెరుగు. ఐదోసారి కీ ఇచ్చాక అది తల వెనక్కి తిప్పి తొర్రలోకి ఒకసారి చూసుకుంది. చూసుకుని వదిలేసింది. కిందికి జారి, జారి, రెక్కలు తెరిచి అవతలి మద్దిచెట్టు మీదికి పోయింది. మద్దిని అంటుకునే దాకా తిప్పాను. డబ్బాలో ఫిల్ము ఇంకా ఇరవై సెకన్లు మిగిలే ఉంది.

ఏడ్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పిట్ట ఎగిరినప్పుడల్లా ఏడుస్తున్నాను, ఏ పుస్తకంలోనూ రాయలేదు.

లక్క మీద గవర్రాజు వేలు అద్దాడు. నేను ఏమీ చెప్పలేదు కదండీ అన్నాడు. చెప్పలేదన్నాను. "నమలడం ఆగిపోయిందండి. నేను ఆపలేదండి, అదే ఆగిపోయింది," అన్నాడు. ఆరువందల గడపకు ఏం చెప్పాలో అని కాబోలు, చాలాసేపు గిన్నెలు కడుగుతూనే ఉన్నాడు.

ఇది రాయకుండా వదిలేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఎర్ర పేజీ ఒకసారి తెరిచాక దానికి అలవాటు పడ్డాను. అక్కడే రాశాను: 'పిల్ల బయటికి వచ్చిన సమయంలో ఎదురు సాక్షి నమలడం ఆపాడు. అది చూసి నేను తిరిగాను. ఇది సాయమో కాదో సభవారు తేల్చాలి.'

కృత్తిక కార్తె, పదో రోజు

రీలును లోయ అడిగినవాళ్ళ ఊళ్ళోనే ఆడించాలి. మిట్టకాలనీ పంటల షెడ్డులో తెర కట్టారు. నాలుగు రీళ్ళు తీసి పక్కన పెట్టేశారు. ముందు నమలడం సంగతి తేల్చడానికి గంట పట్టింది. కాలనీ పెద్దలు అది సైగే అన్నారు. మనిషి తింటున్నప్పుడు నమిలి తీరాలని ఏ రూల్లోనూ లేదని సభలో పెద్దావిడ తేల్చేసింది. ఆవిడ మొహంలో నవ్వు లేదు. గవర్రాజును నిలబెట్టి, పిల్ల ఎగరడం నీ కళ్ళతో చూశావా అని అడిగారు. వాళ్ళ ఊరంతా అతనివైపే చూస్తోంది.

"చూశానండి," అన్నాడు.

ఆ తరవాత నన్ను బయటికి పంపి తలుపు వేశారు. షెడ్డు గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. మామూలుగా లోపలినుంచి దగ్గులు, సణుగుళ్ళు వినిపిస్తాయి. ఈసారి రీలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు నిమిషాల పది సెకన్లకు చప్పుడు ఆగింది. కాసేపటికి ఎవరో ముసలాయన గొంతు, మళ్ళీ వెయ్యండి అంది. ఇంకెవరో అదే అన్నారు. మళ్ళీ వేశారు. మూడోసారీ వేశారు. తీసుకోవాలనుకున్న లోయ చేజారిపోతున్నవాళ్ళు అడిగి మరీ వేయించుకున్నారు.

పాలగొంది లోయకు తాళం పడింది. కాలనీకి ఉత్తరపు వాలు ఇచ్చారు, నీళ్ళకు రెండు మైళ్ళు ఎక్కువ నడవాలి. బయటికి వస్తూ ఒకావిడ నా ముందు ఆగి, పిట్టకైతే ఇల్లు దొరికింది, మరి మాకో అంది. ఆవిడ వెళ్ళిపోయింది. ఇత్తడి పలక మీది మాట వచ్చే సోమవారం చెరిపేస్తారట. చెరిపేటప్పుడు నేనుండొచ్చా అని అడిగాను, ఉండొచ్చన్నారు. వెళతాను, తల ఎత్తుకునే వెళతాను.

అందరూ పోయాక గవర్రాజు వచ్చి నా పక్కన గోడకు ఆనుకున్నాడు. ఊళ్ళో ఎవరూ అతనితో మాట్లాడటం లేదు. ఏదో ఒకటి అనాలి కదా, నావల్ల నీకు చెడ్డపేరు వచ్చింది అన్నాను. అతను ఆ మాట పట్టించుకోలేదు.

"తీసినోళ్ళు చూడకూడదన్నారు గానండి, వినకూడదనలేదు గదా," అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ రూలును అలా చదవడం నాకు తోచలేదు. ఎవరినీ అడగలేదు కదా. ఇప్పుడు అడిగాను. ఎలా పడింది తమ్ముడూ అన్నాను.

"దాని నెత్తి మీద తొర్రలోని రంపప్పొట్టు అతుక్కుని ఉందండి. ఒక్కో రవ్వ లెక్కపెట్టొచ్చు. తల వెనక్కి తిప్పింది చూడండి, అప్పుడు కంట్లో ఎదర చెట్టు కనిపించిందండి, కొమ్మతో సహా. ఇంకా ఎగరలేదు గానండి, మా అమ్మ నా చేయి పట్టేసుకుంది." నావైపు తిరిగాడు. "చానా బాగా తీశారండి."

నేను గోడకే ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. మొదటినుంచి, ఒక్క ముక్క వదలకుండా చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు.